మైటోకాండ్రియా బలహీనమైందట, మాత్రలు మానేయమంటున్నారు

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దని కోరారు. ఆమె వయసు 33, ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇంట్లో భర్త, ఆరేళ్ళ కూతురు, అత్తగారు ఉంటారు. నాలుగేళ్ళ క్రితం వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోవడం, బుగ్గల మీద ఎర్రమచ్చలు, జుట్టు ఊడడంతో మొదలైన బాధను హైదరాబాదులో ఒక రుమటాలజిస్టు (కీళ్ళ జబ్బుల నిపుణులు) లూపస్‌గా, అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదికే తిరిగే జబ్బుగా నిర్ధారించారు. అప్పటి నుంచి రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా., ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా., వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. కీళ్ళు, చర్మం ఇప్పుడు బాగున్నాయి, మూత్ర పరీక్షలోనూ దోషం లేదు. కానీ అలసట మాత్రం వదలడం లేదు. బడి నుంచి వచ్చి మంచం ఎక్కితే రాత్రి వంటకు లేవలేకపోతున్నారు. డాక్టరుగారు "వ్యాధి అదుపులో ఉంది" అంటారు, అత్తగారు "రిపోర్టులన్నీ బాగున్నప్పుడు ఈ నీరసం ఎక్కడిది" అంటారు.

ఇంతలో డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న అన్నయ్య ఏవో వీడియోలు పంపి, అసలు రోగం కణాలకు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉందని చెప్పి, ఒక వెల్‌నెస్ కేంద్రంలో తానే అపాయింట్‌మెంటు తీసుకున్నారు. అక్కడ వేలికి ఒక పరికరం తగిలించి, "మీ మైటోకాండ్రియా శక్తి 38 శాతమే ఉంది, లోపల కణాలు స్ట్రెస్‌లో ఉన్నాయి, డాక్టర్లు ఇచ్చేవి పైపైన అణచిపెట్టే మందులు" అన్నారట. కణాలలో సహజంగా ఉండే ఎన్.ఏ.డి., గ్లూటాథయోన్ అనే పదార్థాల డ్రిప్పులు, ఇమ్యూనిటీ పెంచే పొడులు కలిపి ఆరు నెలల ప్యాకేజీకి 2,40,000 రూపాయలు చెప్పారు. మొదటి నెలలోనే మాత్రలన్నీ మానేయాలని షరతు. డబ్బు అన్నయ్య కడతారు. మైటోకాండ్రియా తల్లి నుంచే బిడ్డకు వస్తుందని కూడా ఆ కేంద్రంలో ఎవరో అన్నారు. అది విన్న దగ్గర నుంచి ఆమె తల్లి "నా వల్లే నీకీ గతి పట్టింది" అని ఏడుస్తున్నారు. తన కూతురికి కూడా ఇది వస్తుందేమోనని ఈమెకు దిగులు. వాళ్ళు చెప్పినదంతా అబద్ధమా, మాత్రలు మానవచ్చా, కాదంటే అన్నయ్యకు ఏమని చెప్పాలి అని అడిగారు.

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఈ సమాధానం పూర్తిగా చదివేదాకా ఏ మాత్రా మానకండి, ముఖ్యంగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. నాలుగేళ్ళుగా రోజూ స్టెరాయిడ్ అందుతున్న శరీరంలో, సహజమైన స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుని ఉండవచ్చు. మాత్ర ఒక్కసారిగా ఆగిపోతే వాంతులు, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పరిస్థితి వెళ్ళవచ్చు. ఆ కేంద్రం వారు పెట్టిన షరతులో ఈ హెచ్చరిక ఉన్నట్టు మీ ఉత్తరంలో లేదు. వారి గురించి నాకు మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

రెండో మాట మీ అలసట గురించి. అది సోమరితనం కాదు, మనోభ్రమ కాదు. లూపస్ ఉన్నవారిని అన్నిటికన్నా ఎక్కువగా వేధించే బాధలలో అలసట ఒకటి. కీళ్ళూ మూత్రపిండాలూ బాగున్నాయని చెప్పే పరీక్షలు అలసటను కొలవలేవు. డాక్టరుగారి మాటా నిజమే, మీ బాధా నిజమే. ఈ రెండు నిజాల మధ్య మిగిలిన ఖాళీలోకే ఆ వెల్‌నెస్ కేంద్రం వచ్చి కూర్చుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. వారు చెప్పినదంతా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. మైటోకాండ్రియాకూ లూపస్‌కూ సంబంధం ఉన్న మాట నిజం. దాన్ని విడమరచి చెప్పనివ్వండి, లేకపోతే మీ అన్నయ్యతో వాదించేటప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు.

మన కణాలలో ఉండే మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా సంతతి. వంద కోట్ల సంవత్సరాలకు పైగా వెనక ఒక కణంలోకి చేరి అక్కడే స్థిరపడిపోయాయి. 1967లో జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ ఈ వాదాన్ని గట్టిగా ముందుకు తెచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు, ఇప్పుడు అది పాఠ్యపుస్తకాల విషయం. ఇల్లరికం వచ్చిన అల్లుడు ఎన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్నా ఇంటిపేరు మార్చుకోడు కదా, మైటోకాండ్రియా సంగతీ అంతే. కణకేంద్రంలోని డీఎన్ఏతో కలవకుండా దానికి సొంత డీఎన్ఏ ఉంది. 16,569 అక్షరాలు, 37 జన్యువులు ఉన్న చిన్న వలయం అది, చూడడానికి ఇప్పటికీ బాక్టీరియా డీఎన్ఏ పోలికలోనే ఉంటుంది. ఆ డీఎన్ఏ మైటోకాండ్రియా గోడల లోపల ఉన్నంతకాలం ఏ గొడవా లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వైరస్, ఆక్సిజన్ కొరత వంటివి కణాన్ని దెబ్బతీసినప్పుడు మైటోకాండ్రియా గోడ చిరిగి ఆ డీఎన్ఏ ముక్కలు బయటికి కారతాయి. అప్పుడు కణంలోని కాపలాదారులు ఇంటిపేరు చూసి, ఎవడో పరాయివాడు, బాక్టీరియానో వైరస్సో చొరబడిందని కేకలు పెడతాయి. వాపు, జ్వరం, నొప్పి ఆ కేకల ఫలితమే.

అలాంటి కాపలాదారులలో ముఖ్యమైనది సీజీఏఎస్ అనే ప్రోటీన్. ఉండకూడని చోట డీఎన్ఏ కనబడితే స్టింగ్ అనే మరో ప్రోటీన్ ద్వారా, రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ తయారీకి ఆదేశం పంపుతుంది. దీన్ని కనిపెట్టిన జిజియాన్ చెన్ ప్రయోగశాల ఉన్నది మీ అన్నయ్య ఉంటున్న డాలస్ నగరంలోనే, టెక్సస్ విశ్వవిద్యాలయపు సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రంలో. ఆ పరిశోధన 2013లో ప్రచురితమైంది, 2024లో ఆయనకు లాస్కర్ పురస్కారం వచ్చింది. రోడ్డు ప్రమాదాల వంటి తీవ్రగాయాల తరువాత ఏ క్రిమీ సోకకపోయినా ఒళ్ళంతా వాపు ప్రక్రియ రగలడానికి, నలిగిన కణజాలం నుంచి రక్తంలో కలిసే మైటోకాండ్రియా ముక్కలు ఒక కారణమని 2010లో బోస్టన్ పరిశోధకులు చూపారు. అంటే ఇది అందరి శరీరంలోనూ ఉన్న ఏర్పాటే. మామూలుగా పాడైన మైటోకాండ్రియాను కణం తానే మింగి జీర్ణించుకుని, గొడవ పెద్దది కాకుండా చూసుకుంటుంది.

లూపస్‌లో ఈ సద్దుమణిగే పని సరిగా జరగదు. చాలామంది రోగుల రక్తంలో ఇంటర్‌ఫెరాన్ ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఆక్సీకరణ చెందిన మైటోకాండ్రియా డీఎన్ఏను బయటికి వదిలి ఆ మంటకు ఆజ్యం పోస్తాయని 2016లో రెండు అమెరికన్ బృందాలు వేరువేరుగా ప్రకటించాయి. వాటిలో ఒకటీ డాలస్‌దే. పైగా లూపస్ రోగి శరీరం డీఎన్ఏకే యాంటీబాడీలు తయారు చేస్తుంది, మీ ఫైలులో యాంటీ డీఎస్ డీఎన్ఏ అని కనబడే పరీక్ష దాని గురించే. కనుక మీ అన్నయ్య చూసిన వీడియోలో మైటోకాండ్రియా అన్న మాట ఊరికే రాలేదు.

అయితే ఇందులో మూడు మెలికలు ఉన్నాయి, ఆ కేంద్రం వారు మూడింటినీ దాటేశారు. ఇక్కడ జరుగుతున్నది మైటోకాండ్రియా బలం తగ్గి ఇంజను ఆగిపోవడం అనేంత సులువైన వ్యవహారం కాదు. కారకూడనిది కారడం, కారినదాన్ని చూసి కాపలా అతిగా స్పందించడం ఇందులో ప్రధానం. అతిగా స్పందిస్తున్న కాపలావాడికి ఇమ్యూనిటీ పెంచే పొడి తినిపించడంలో అర్థం ఏముంది? మీ రోగనిరోధక శక్తి తక్కువై ఈ జబ్బు రాలేదు, అది దారి తప్పి మీ మీదికే తిరిగింది. ఆ పొడులలో తిప్పతీగ ఉందేమో అడిగి తెలుసుకోండి. 2020లో ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని, ఆ లక్షణాలు స్వయం ప్రతిరక్షక వ్యాధి పోలికలో ఉన్నాయని అక్కడి వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో విభేదించింది. వివాదం తేలేదాకా లూపస్ ఉన్న మనిషి మీద, అందులోనూ కాలేయాన్ని కనిపెట్టి చూసుకోవలసిన మెథోట్రెక్సేట్ వాడుతున్న మనిషి మీద ప్రయోగం చేయవలసిన అవసరం నాకు కనిపించదు.

రెండో మెలిక ఆ 38 శాతం. మైటోకాండ్రియా పనితీరును వైద్యులు అనుమానించినప్పుడు రక్తంలో లాక్టేట్ చూస్తారు, జన్యు పరీక్ష చేస్తారు, అవసరమైతే కండరపు ముక్క తీసి పరీక్షిస్తారు. వేలికి తగిలించిన పరికరం అది చెప్పజాలదు. అలాంటి పరికరం ఆక్సిజన్ శాతాన్నో నాడినో చూపగలదు, మిగిలినది తెర మీద అంకె మాత్రమే.

మూడోది నాకు మరీ విచిత్రంగా తోచింది. వారు పైపైన అణచిపెట్టేది అన్న హైడ్రాక్సీక్లోరోక్విన్ కణంలోని ఆమ్లపు సంచులలో చేరి, అక్కడ ఇలాంటి డీఎన్ఏను పసిగట్టి అల్లరి చేసే గ్రాహకాలను నెమ్మదింపజేస్తుంది. అంటే మైటోకాండ్రియా డీఎన్ఏ వల్ల రేగే మంటకు అడ్డుపడే పనే ఆ మాత్ర చేస్తున్నది, వీరు దాన్నే మానేయమంటున్నారు. మానేస్తే ఏమవుతుందో 1991లో కెనడా వైద్యులు పరీక్షించి చూశారు. వ్యాధి నిలకడగా ఉన్న 47 మందిలో 25 మందికి అదే మందు కొనసాగించి, 22 మందికి మందు లేని మాత్ర ఇచ్చారు. 24 వారాలలో మందు కొనసాగినవారిలో 9 మందికి వ్యాధి తిరగబెట్టింది, మందు ఆగినవారిలో 16 మందికి తిరగబెట్టింది. మీ అత్తగారు కళ్ళు పోతాయని భయపెట్టారని రాశారు. ఆ ప్రమాదం ఉన్నది, కానీ బరువులో కిలోకు రోజుకు 5 మి.గ్రా. మించకుండా వాడితే మొదటి ఐదేళ్ళలో ఒక శాతం కన్నా తక్కువ, పదేళ్ళకు రెండు శాతం లోపు. మీ బరువు 58 కిలోలని రాశారు, ఆ లెక్కన మీ 200 మి.గ్రా. హద్దుకు బాగా లోపలే ఉంది. వాడడం మొదలుపెట్టిన తొలి ఏడాదిలోనే ఒకసారి రెటీనా పరీక్ష చేయించాలి, మీరు చేయించినట్టు రాయలేదు కనుక ఇప్పుడైనా చేయించండి. ఐదేళ్ళు దాటాక ఏటా తప్పనిసరి.

ఏటీపీ తయారీ పెంచుతాం అని ఆ కేంద్రం కరపత్రంలో ఉందన్నారు కనుక ఒక పక్కమాట. కణానికి ఇంధనం వంటి ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి వెలికితీసినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు, అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుగొన్నారు. తరువాత లెడర్లీ అనే మందుల సంస్థలో సుబ్బారావు నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్ మీద చేసిన కృషి నుంచే మీరు వారానికొకసారి మింగే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఏటీపీ పేరు చెప్పి మెథోట్రెక్సేట్ మానమనేవారికి ఈ సంగతి తెలిసి ఉండదు.

స్ట్రెస్ అన్న మాట వల్ల మీ ఇంట్లో మరో పొరపాటు జరుగుతున్నది. కణం మీద ఒత్తిడి అంటే ఎండ, వైరస్, విషపదార్థాలు, ఆక్సిజన్ కొరత వంటివి కణానికి పెట్టే పరీక్ష. "నువ్వు ఊరికే ఆలోచించి ఆలోచించి జబ్బు తెచ్చుకున్నావు" అని మీ ఆడపడుచు అన్నదానికీ దీనికీ పొంతన లేదు. మనసు బాగుండకపోతే నిద్ర, నొప్పి, అలసట అధ్వాన్నమవుతాయి, ఆ మాట కాదనను. దాన్ని తిప్పి జబ్బుకు మిమ్మల్నే బాధ్యురాలిని చేయడం అన్యాయం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ప్యాకేజీలో చేరి మాత్రలన్నీ మానేయడం ఒకటి. మొదటి వారాలలో స్టెరాయిడ్ ఆగిన చిక్కులు, తరువాతి నెలలలో వ్యాధి తిరగబెట్టే అవకాశం, తిరగబెడితే అది కీళ్ళ దగ్గరే ఆగుతుందన్న హామీ లేకపోవడం దాని పర్యవసానాలు. లూపస్ మూత్రపిండాలలోకి దిగితే చాలాకాలం నొప్పి కూడా తెలియదు. మిగిలిన దారుల విషయంలో నిర్ణయం మీకే వదిలేస్తాను కానీ, దీన్ని మాత్రం ఎంచుకోవద్దని గట్టిగానే అంటాను.

మాత్రలు కొనసాగిస్తూ డ్రిప్పులు మాత్రం పెట్టించుకోవడం రెండోది. అన్నయ్య మాట కాదనకుండా, డాక్టరు మాట తప్పకుండా ఉండే మధ్యేమార్గంలా ఇది మిమ్మల్ని ఆకర్షిస్తుంది. లూపస్ చికిత్సా మార్గదర్శకాలలో ఎన్.ఏ.డి. డ్రిప్పులకు చోటు లేదు. రోగనిరోధకతను తగ్గించే మందులు వాడుతున్న మీకు పదే పదే రక్తనాళంలోకి సూది గుచ్చడం వల్ల ఇన్‌ఫెక్షన్ ప్రమాదం ఉంటుంది. కాస్త బాగున్నట్టు అనిపిస్తే దేని వల్లో తెలియదు, బాగుండకపోతే "మాత్రలు మానలేదు కనుక" అంటారు. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. గ్లూటాథయోన్ తయారీకి తోడ్పడే ఎన్ అసిటైల్ సిస్టీన్ అనే మందును 36 మంది లూపస్ రోగులకు మూడు నెలలు ఇచ్చి చూసిన అమెరికన్ అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది, వ్యాధి తీవ్రత, అలసట కొంత తగ్గాయి, ఎక్కువ మోతాదులో కొందరికి వికారం కలిగింది. అది నోటి ద్వారా ఇచ్చిన మందు, రోగులు ముప్పై ఆరుగురే, వారి లూపస్ చికిత్సా కొనసాగింది. కావాలంటే ఈ పేరు రాసుకుని మీ డాక్టరుగారిని అడగండి, అది 2,40,000 రూపాయల విషయం కాదు.

మూడోది ప్యాకేజీ వద్దని, ఇప్పుడున్నట్టే సాగిపోవడం. ఇది క్షేమమే కానీ, మీ అలసట అలాగే ఉండిపోతుంది, మరో ఏడాదికి మరో కేంద్రం కరపత్రం మీ ఇంటికి వస్తుంది. అందువల్ల దీన్ని కూడా నేను పూర్తిగా మెచ్చుకోలేను.

నాలుగోది కొంత శ్రమ ఉన్న దారి. వచ్చేసారి రుమటాలజిస్టు దగ్గర కూర్చోగానే కీళ్ళ సంగతి కాకుండా అలసటనే మొదటి ఫిర్యాదుగా పెట్టండి. రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో ఏ వేళకు అలసట వచ్చింది, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎంత దూరం నడిచారు రాసుకుని తీసుకెళ్ళండి. మనసు విప్పి చెప్పలేనిది ఆ పుస్తకం చెబుతుంది. హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలు, థైరాయిడ్, విటమిన్ డి, బి12 చూపించుకున్నారా అని అడగండి. లూపస్ ఉన్నవారిలో రక్తహీనత, థైరాయిడ్ లోపం సామాన్యం, రెండింటికీ మందు ఉంది. దిగులు, నిద్రలేమి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. స్టెరాయిడ్ మానాలన్న మీ కోరిక తప్పు కాదు. 2023 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు కూడా రోజుకు 5 మి.గ్రా. మించకుండా ఉంచమని, వీలైతే పూర్తిగా ఆపమని చెబుతున్నాయి. ఆ ఆపడం నెలల తరబడి కొద్దికొద్దిగా, డాక్టరు చూస్తుండగా జరగాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజేనని క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి, పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఈ మెథోట్రెక్సేట్‌ను కొన్ని నెలల ముందే ఆపవలసి ఉంటుంది కనుక డాక్టరుగారికి ముందుగా చెప్పండి.

మైటోకాండ్రియాను నిజంగా బాగుచేయాలని ఉంటే దానికి డబ్బు అక్కరలేని మార్గం ఒకటి ఉంది. క్రమంగా వ్యాయామం చేసిన కండరంలో మైటోకాండ్రియా సామర్థ్యం పెరుగుతుందని 1967లోనే జాన్ హాలోజీ ఎలుకలను పరుగెత్తించి చూపారు. లూపస్ రోగులలో కూడా మితమైన నడక అలసటను తగ్గిస్తుందని అధ్యయనాలు ఉన్నాయి. అలసిన మనిషిని నడవమనడం మొదట ఎగతాళిలా తోస్తుంది, నాకు తెలుసు. పది నిమిషాలతో, ఎండ తగ్గాక మొదలుపెట్టండి. మరునాడు ఒళ్ళు కూలిపోతే ఐదు నిమిషాలకు తగ్గించండి. ఎండ అన్నాను కనుక గుర్తొచ్చింది, పొద్దున ప్రార్థన సమయంలో పిల్లలతో పాటు మైదానంలో నిలబడుతున్నట్టు రాశారు. ఎండ దెబ్బకు చర్మకణాలు చనిపోయి డీఎన్ఏ చిందడం లూపస్ తిరగబెట్టడానికి పేరుమోసిన కారణం. ప్రధానోపాధ్యాయులకు డాక్టరు చీటీ చూపించి వరండాలో నిలబడడానికి అనుమతి అడగండి, గొడుగు, పొడుగు చేతుల రవిక, సన్‌స్క్రీన్ వాడండి.

అన్నయ్య సంగతి. ఆయన డబ్బు పెడతాననడం ప్రేమతోనే, వాదనలో గెలవాలని కాదు. అందువల్ల "నీకేం తెలుసు" అన్న ధోరణి వద్దు. "నువ్వు చెప్పిన మైటోకాండ్రియా సంగతి నిజమేనట అన్నయ్యా, నేను వాడే మాత్ర కూడా అక్కడే పని చేస్తుందట, మానితే తిరగబెడుతుందట" అని మొదలుపెట్టండి. ఆ సొమ్ములో కొంత రెటీనా పరీక్షకు, రక్తపరీక్షలకు, హైదరాబాదు రాకపోకలకు, సాయంత్రం వంటకు ఒక మనిషిని పెట్టుకోవడానికి ఇవ్వమని అడగండి. ఆయనకు సాయం చేసిన తృప్తి ఉంటుంది, మీకు రోజూ రెండు గంటల విశ్రాంతి దొరుకుతుంది. ఆయన నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి, కొన్నాళ్ళకు సర్దుకుంటారు. మీ వారిని కూడా ఆ ఫోనులో కూర్చోబెట్టుకోండి, ఇది మీరు ఒంటరిగా మోయవలసిన మాట కాదు.

చివరిగా మీ అమ్మగారు. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుందన్నది నిజం. లెబర్ వ్యాధి వంటి కొన్ని చూపు జబ్బులు అలా తల్లి వైపు నుంచే సంక్రమిస్తాయి కూడా. లూపస్ ఆ జాతి జబ్బు కాదు. దానికి తల్లి వైపు, తండ్రి వైపు నుంచి వచ్చే అనేక జన్యువుల కలయిక, హార్మోన్లు, ఎండ, ఇన్‌ఫెక్షన్లు అన్నీ తోడవుతాయి, రోగులలో పదింట తొమ్మిది మంది స్త్రీలే కావడానికి మైటోకాండ్రియా కారణం కాదు. లూపస్ ఉన్న తల్లుల పిల్లలలో అత్యధికులకు ఆ వ్యాధి రాదు, కనుక మీ పాపను ఏ పరీక్షలకూ తిప్పవద్దు. ఈ మాట మీరు చెబితే అమ్మగారు ఓదార్పు కోసం అంటున్నావని కొట్టిపారేస్తారు. వచ్చే అపాయింట్‌మెంటుకు ఆమెను వెంట తీసుకువెళ్ళి, మీ ఫిర్యాదులన్నీ అయ్యాక, "మా అమ్మ ఒక ప్రశ్న అడుగుతుంది" అని డాక్టరుగారి ఎదుటి కుర్చీ ఆమెకు ఇవ్వండి.